ఇసుక సంచితోని డాన్స్

మొన్న రాత్రి పిల్లలు పండుకున్నంక ఫోన్‌ల కెనడా ఐస్ డాన్స్ జంట టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్ వాళ్ళ 2018 ఒలింపిక్స్ డాన్స్ మళ్ళొకసారి చూసిన, ఎన్నోసారో లెక్క లేదు. హన్మకొండ ఎండలకు రాత్రి పదింటికి కూడా ఫ్యాన్ వేడిగాలే కొడ్తది, అసుంటప్పుడు నేను మంచు మీద డాన్సులు చూసుకుంట కూసుంట.

ఈ ఆట నాకు పరిచయమైంది 2010ల. అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ మన వేషం కట్టి హిందీ సినిమా పాటలకు మంచు మీద ఆడిన్రు. మా చిన్నక్క ఆ వీడియో చూపెడ్తే నోరు తెరుచుకొని చూసిన. ఆ ఒలింపిక్స్‌ల వాళ్ళకు సిల్వర్ వచ్చింది, గోల్డ్ కెనడాది, టెస్సా, స్కాట్. గట్ల వీళ్ళెంట పడ్డ.

ఐస్ డాన్స్‌ల అమ్మాయిని గాలిలకు విసిరేసుడు, మూడు నాలుగు చుట్ల జంపులు ఉండయ్, అవి వేరే ఆటలు. ఇందుల అంతా పాదం పని. ట్విజిల్ అని ఒకటుంటది, ఒంటికాలు మీద గిరగిర తిరుక్కుంటనే ముందుకు జారిపోవాలె, ఇద్దరూ పక్కపక్కనే, ఒకే తీరుగ, ఒకళ్ళు సగం చుట్టు వెనకబడ్డా అందరికీ కనబడ్తది.

వీళ్ళిద్దర్ని జత చేసింది స్కాట్‌కు ఆంటీ అయ్యే కోచ్, 1997ల. పిల్లకు ఏడేండ్లు, పిలగానికి తొమ్మిది. 2010ల వాంకూవర్ ఒలింపిక్స్‌ల గోల్డ్ కొట్టేనాటికి 20, 22. పేపర్లల్ల అందరూ రాసేది ఈ ముచ్చటే, నాకు మాత్రం 2008 ముచ్చట మనసుల నుంచి పోదు. టెస్సాకు కాళ్ళ నొప్పి, మోకాలి కింద కండరం ప్రాక్టీస్ చేసినప్పుడల్లా ఉబ్బుతది, దాని చుట్టూ ఉన్న పొర సాగదు, లోపల ఒత్తిడి పెరిగి నడవలేనంత నొప్పి లేస్తది. ఆ పొరను కోసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ చేసిన్రు. ఆమె ఇంట్ల ఉన్నన్ని రోజులు స్కాట్ రింక్‌ల ఇసుక సంచులు, హాకీ కర్రలు పట్టుకొని, అదే టెస్సా అనుకొని ప్రాక్టీస్ చేసిండట. నొప్పి మళ్ళ లేచింది, 2010 అక్టోబర్‌ల మళ్ళ ఆపరేషన్.

ఇది సదివినప్పుడు నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఎందుకంటే నేనూ చిన్నక్కా కూచిపూడి జంటగ చేసేది, ఒక పోటీకి రెండు నెలల ముందు నాకు కాళ్ళ నొప్పి మొదలై అడుగు కొడ్తే పాణం పోయినట్టు ఉండేది, టీచరమ్మ ఏమో "బద్దకం, నొప్పి కాదు" అన్నది, నేను ఏడ్సుకుంట ఇంట్ల పడుకున్న. డాబా మీద చిన్నక్క ఒక్కతే అడుగులేస్తుంటే కింద నాకు వినబడేది, ధిత్తా ధిత్తా అని, నాకు ఎంత కోపమొచ్చేదంటే, నన్ను ఇడిసిపెట్టి సోలో చేస్తది కావచ్చు అనుకున్న. ఒకనాడు మెట్ల మీద కూసొని కూసొని పైకి పోయి చూస్తే, తన ఎడమ పక్కన పీట మీద నా గజ్జెలు పెట్టుకొని ఆడుతున్నది. నేనేం అనలే, తనూ ఏం అనలే. ఆ పోటీకి మేం పోనే లేదు.

టెస్సా వాళ్ళు 2014 సోచి ఒలింపిక్స్‌ల సిల్వర్‌కు దిగిన్రు, ఓడగొట్టింది అదే డేవిస్, వైట్. రెండేండ్లు పోటీలు బంద్ పెట్టి, 2016ల మళ్ళ వచ్చిన్రు, మాంట్రియల్ పోయి కొత్త కోచ్‌ల దగ్గర మొదటినుంచి మొదలుపెట్టినట్టే. 2018ల 206.07 మార్కులు, ఫ్రాన్స్ జంటకు 205.28. ఒక్క పాయింట్ కూడా తేడా లేదు! ఆ ఫ్రాన్స్ జంట కూడా అప్పుడు అదే మాంట్రియల్ కోచ్‌ల దగ్గరే నేర్చుకునేది, రోజూ ఎదురెదురుగ చూసుకుంట పోటీ పడుడు ఎంత కష్టమో. ఇరవై ఏండ్లు ఒకే మనిషి చెయ్యి పట్టుకొని ఆడి 2019ల ఇగ చాలు అన్నరు.

వీడియో అయిపోంగనే కరీంనగర్‌ల ఉన్న చిన్నక్కకు ఫోన్ కొట్టిన, రాత్రి పదకొండు దాటింది. ఇన్నేండ్లల్ల ఎన్నడూ అడగలేదు, ఆనాడు పీట మీద నా గజ్జెలు ఎందుకు పెట్టినవే అక్కా అన్న.

"ఇంకెందుకే, నువ్వు లేకుంటే నేను నడుమల్లకు వచ్చేస్తుంటి. నీ జాగ ఏడుందో యాదికుండాలె గదా," అన్నది.