ఏలీ విన్నాడు సరే, ఆ తర్వాత?

మే నెల వీబీఎస్ (పిల్లల వేసవి సెలవుల బైబిలు తరగతులు) వచ్చిందంటే మా వైపు క్రైస్తవ సంఘాల్లో సమూయేలు పాఠం ఉండి తీరాల్సిందే. బొమ్మలో పడుకున్న చిన్న పిల్లవాడు, పక్కన దీపం, పిల్లలందరి చేత "నీ దాసుడు ఆలకించుచున్నాడు ఆజ్ఞనిమ్ము" అని గట్టిగా చెప్పించడం, ఒక పాట, చేతిలో చాక్లెట్, ఇంటికి. పాలకొండలో చూసినా అంతే, బొబ్బిలిలో చూసినా అంతే. మొదటి సమూయేలు మూడో అధ్యాయం పదో వచనం దగ్గర బైబిలు మూసేస్తాం. మరి ఆ రాత్రి దేవుడు ఆ పిల్లవాడితో ఏం చెప్పాడండీ? పదకొండో వచనం నుంచి చదివితే తెలుస్తుంది. మందిరంలో పెద్దాయన, అంటే యాజకుడు ఏలీ, ఆయన కొడుకులు చేస్తున్న చెడ్డ పని గురించి, అది తెలిసి కూడా వాళ్లని అడ్డగించని ఆ పెద్దాయన గురించి చెప్పాడు. పిల్లలకి చెప్పడానికి బాగుండదని మానేస్తున్నామంటారు. సరే, పెద్దల ఆరాధనలో అయినా ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు.

ఆ ఇద్దరు కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు కథ మాంసంతో మొదలవుతుంది. బలి ఇవ్వడానికి వచ్చినవాళ్ల దగ్గర మూడు ముళ్ల కొంకితో లాక్కోవడం, ముందు క్రొవ్వు దహించనివ్వండి బాబూ అన్నవాడిని బలవంతంగా తీసుకుంటామని బెదిరించడం. ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండో అధ్యాయం ఇరవై రెండో వచనానికి వచ్చేసరికి గుడారం ద్వారం దగ్గర సేవ చేసే స్త్రీల మీదికి పోయింది వాళ్ల చెయ్యి. కానుకల లెక్క అడిగితే కోప్పడే సేవకుడి (పాస్టరు) విషయంలో నాకు భయం వేసేది ఇందుకే. లెక్క అడగనివ్వనివాడు ఇంకేం అడగనిస్తాడు?

ఆ స్త్రీలు పెద్దవాళ్లే. దేవుని పనికి వచ్చినవాళ్లే. "ఇష్టపడే వెళ్లిందట" అనే మాట ఆ రోజుల్లో కూడా ఎవరో అనే ఉంటారు. కష్టాల్లో ఉండి ప్రార్థన చేయించుకోడానికి వచ్చిన విధవరాలికి, చదువు ఫీజు అయ్యగారే కడుతున్న అమ్మాయికి, పరిచర్య తప్ప వేరే ఆధారం లేని బైబిల్ ఉమన్‌కి (ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే సంఘ పనిమనిషికి), "కాదు" అనే దారి ఎక్కడుందండీ? ఆ సంగతి ఎదుటివాడికి తెలుసు కనకే వాళ్ల దగ్గరికి వెళ్తాడు.

ఏలీ ఏమీ చెయ్యలేదని అనలేం. కొడుకుల్ని పిలిచి "నాకు వినబడినది మంచిది కాదు" అన్నాడు. మన పెద్దలూ అదే చేస్తారు. ఒక గదిలో కూర్చోబెట్టి, మోకాళ్ల మీద ప్రార్థన చేయించి, కన్నీళ్లు పెట్టించి, వచ్చే ఆదివారం మళ్లీ అదే వేదిక మీద వాక్యం చెప్పనిస్తారు.

ఇక నేను ఆగిపోయేది పదిహేనో వచనం దగ్గర. ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగుతాను. ఆ రాత్రి గడిచింది, తెల్లారింది, పిల్లవాడు లేచి మందిరపు తలుపులు తీశాడు. రోజూ చేసే పనే. లోపల మాత్రం వణుకు. ఏలీతో చెప్పడానికి భయపడ్డాడు అని రాసి ఉంది. ఎందుకు భయపడడు? తిండి పెట్టేది ఆయనే, పడుకునే చోటు ఆయనదే. అమ్మ హన్నా రామాలో ఉంది, ఏడాదికోసారి చిన్న అంగీ కుట్టి తీసుకొస్తుంది. బిడ్డ ఎంత ఎదిగాడో చూడకుండానే కొలత ఊహించి కుట్టే తల్లి. మన శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి వెళ్లేవాళ్లు, హైదరాబాదులో మేస్త్రీ పనికి వెళ్లేవాళ్లు పిల్లల్ని హాస్టల్లోనో, అమ్మమ్మ దగ్గరో, అయ్యగారి ఇంట్లోనో వదిలి వెళ్తారు. "దేవుని ఇల్లు, భయం లేదు" అంటారు. హన్నా కూడా అలాగే అనుకుని ఉంటుంది. ఆ నమ్మకాన్ని మోస్తున్నది మనం.

ఇలాంటి పిల్లవాడు తలుపులు తీస్తాడు, చీపురు పడతాడు, పాటలు పాడతాడు, వచనాలు అప్పజెప్తాడు. చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. వాడి నోట్లో ఉన్న మాట ఇంటి యజమానికే ఎదురు తిరిగే మాట అయినప్పుడు వాడంతట వాడు చెప్పడు. ఎవరో ఒకరు అడగాలి. ఏలీ అడిగాడు! ఆయన తప్పులన్నీ ఒప్పుకుంటూనే ఈ ఒక్కటి మాత్రం నేను ఆయన ఖాతాలో వేస్తాను. "నా కుమారుడా" అని పిలిచి, మరుగుచేయకుండా చెప్పమన్నాడు. చెప్పబోయేది తన మీదే అని ఆయనకి అప్పటికే అర్థమై ఉంటుంది. అయినా మధ్యలో ఆపలేదు. అబద్ధం అనలేదు. చిన్నపిల్లాడివి నీకేం తెలుసు అనలేదు. మరొకసారి చెప్పు, ఇంకొకరి ముందు చెప్పు అని తిప్పలేదు.

ఆ మాటకి ఏలీ ఇచ్చిన జవాబు ఏంటో చూడండి. "సెలవిచ్చినవాడు యెహోవా, తన దృష్టికి అనుకూలమైనదానిని ఆయన చేయునుగాక." ఎంత భక్తిగా ఉంది! పేజీ తిప్పితే నాలుగో అధ్యాయం నాలుగో వచనంలో హొఫ్నీ, ఫీనెహాసు నిబంధన మందసం (దేవుని ఆజ్ఞల పలకలున్న పవిత్రమైన పెట్టె) పక్కనే నిలబడి ఉన్నారు. ఉద్యోగం పోలేదు, తాళాలు పోలేదు. "అంతా దేవుని చిత్తం" అని చేతులు ముడుచుకోవడాన్ని నేను విశ్వాసం అనను. విన్న మాటకి చేతలు కావాలి.

మా ప్రాంతంలో ఒక సంఘంలో చాలా ఏళ్ల కిందట జరిగింది చెప్తాను. ఆరాధన అయ్యాక పెద్దలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. పాటలు నేర్పే ఆయన మీద ఫిర్యాదు. పిల్ల తల్లి లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఒక పెద్దాయన "ఊరుకోమ్మా, బయటికి తెలిస్తే సంఘం పరువు ఏటవుద్ది? నీ పిల్లకి రేపు పెళ్లి అవ్వాలా వద్దా" అన్నాడు. ఆ పాటల ఆయన్ని వేరే ఊరికి పంపించేశారు, వెళ్లేటప్పుడు శాలువా కప్పి మరీ. అక్కడి సంఘానికి ఒక్క ముక్క చెప్పలేదు. అక్కడా పిల్లలున్నారు కదా అని అడిగినవాళ్లకి దొరికిన వచనం ఏంటో తెలుసా, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు."

ఆ కీర్తన ఒకసారి మొత్తం చదవండి. 105లో ఆ మాట ఎవరి గురించి? కొద్దిమందిగా, పరదేశులుగా, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్న అబ్రాహాము ఇంటివాళ్ల గురించి. వాళ్లని ముట్టొద్దని దేవుడు గద్దించింది రాజుల్ని. బలం లేనివాళ్లకి కంచెగా వేసిన మాటని తీసుకెళ్లి బలవంతుడి చేతికి కర్రగా ఇస్తున్నాం. మత్తయి 18 కూడా అంతే. ఒంటరిగా వెళ్లి గద్దించు అన్న పదిహేనో వచనం పట్టుకుని ఆ పిల్లనే తనకి హాని చేసినవాడి దగ్గరికి వెళ్లి మాట్లాడుకోమంటారు. అదే అధ్యాయం ఆరో వచనంలో, చిన్నవాళ్లని అభ్యంతరపరిచేవాడి మెడకి కట్టి సముద్రంలో ముంచడం మేలన్న తిరుగటిరాయి ఉంది, అది కళ్లకి కనబడదు.

ఇది మన ఊళ్ల జబ్బే అనుకోకండి. అమెరికాలో సదరన్ బాప్టిస్టులనే పెద్ద ప్రొటెస్టెంట్ సంఘాల కూటమి వ్యవహారం మీద 2022 మేలో బయటికొచ్చిన విచారణ నివేదిక చూస్తే, లైంగిక వేధింపుల ఆరోపణలున్న పాస్టర్లు, సంఘ పనివాళ్ల జాబితా ఒకటి వాళ్ల కేంద్ర ఆఫీసులో రహస్యంగా ఉండేదని తేలింది, 700కి పైగా పేర్లతో. ఏళ్ల తరబడి రాసుకున్నారు, సంఘాలకి మాత్రం చెప్పలేదు. చదువుకున్న ఏలీలు!

మన దేశంలో దాచడం పాపమే కాదు, నేరం కూడా. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థకి పెద్దగా ఉండి తన కింద పనిచేసేవాడి నేరం దాచితే ఏడాది దాకా. మత సంస్థలో పనిచేసేవాడే ఆ నేరం చేస్తే చట్టం దాన్ని ఇంకా తీవ్రంగా చూస్తుంది. పోలీస్ స్టేషన్ అనగానే తల్లులకి టెన్షన్, నాకు తెలుసు. కానీ పిల్లని స్టేషన్‌కే తిప్పాలని లేదు, ఇంటి దగ్గరే వాంగ్మూలం తీసుకోవచ్చు, తీసుకునేవాళ్లు యూనిఫాంలో ఉండకూడదని చట్టంలోనే ఉంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసినా చాలు. నిజమో అబద్ధమో తేల్చడం డీకన్ల (సంఘ పరిచారకుల) పని కాదు. తేలేదాకా ఆ మనిషిని పిల్లలకి, ఆడవాళ్లకి దూరంగా, సేవ నుంచి పక్కకి పెట్టడం మాత్రం డీకన్ల పనే. క్షమించారా, మంచిది. క్షమించినవాడికి సండే స్కూల్ తాళాలు తిరిగి ఇవ్వమని ఏ వచనంలోనూ లేదు.

మిగతావి చిన్న పనులే, డబ్బు కూడా అక్కర్లేదు. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు, ఒకే ఇంటివాళ్లు కాకుండా. గది తలుపు తీసి ఉండాలి. పిల్లలకి విడిగా రాత్రిపూట వాట్సాప్ మెసేజ్‌లు వద్దు, వచనం పంపడానికైనా సరే. ఒంటరి ఆడవాళ్ల ఇంటికి ప్రార్థనకి వెళ్తే అయ్యగారు ఇంకో సహోదరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. ఫిర్యాదు వినడానికి పాస్టరు గారి బంధువు కాని ఒక పెద్దావిడ ఉండాలి, ఆమె పేరు పిల్లలందరికీ తెలియాలి. ఎవరినైనా సేవలోకి తీసుకునే ముందు పాత సంఘానికి ఫోన్ చేసి, ఎందుకు వచ్చేశారు అని నేరుగా అడగాలి. అవతలివాళ్లు నీళ్లు నమిలితే తీసుకోకండి.

ఈసారి చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసే ఫీల్డ్ మీటింగ్‌లో ఫలానా ఆయన్ని మార్చుతున్నాం, ప్రార్థన చేద్దాం అంటే కళ్లు మూసుకునే ముందు లేచి, ఎందుకు మార్చుతున్నారు, ఎక్కడికి పంపుతున్నారు, అక్కడివాళ్లకి చెప్పారా అని అడగండి. ఆడవాళ్లు లేచి అడిగితే మరీ మంచిది.