స్పానిష్ డిగ్రీకి ప్లాను: చివరి నుంచి మొదటికి

ఇంటర్ పరీక్షలు అయిపోయాక హన్మకొండలో ఏ ఇంట్లో విన్నా ఎప్‌సెట్, నీట్ మాటలే. వాటి మధ్య ఎవరైనా "నేను స్పానిష్ చదువుతా" అంటే ఇంట్లోవాళ్ళ మొదటి ప్రశ్న, "చదివితే ఏమొస్తది?" న్యాయమైన ప్రశ్నే. జవాబు కాలేజీ పేరులో లేదు, పట్టాలోనూ లేదు. పట్టా చేతికొచ్చే నాటికి మీ స్పానిష్ ఏ స్థాయిలో ఉందన్నదాన్ని బట్టే ఏమొచ్చేదీ తేలుతుంది.

యూరప్ భాషలకి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల కొలత ఉంది. బీ2 అంటే పత్రికలో సంపాదకీయం చదివి రాసినాయన ఏ వైపున్నాడో చెప్పగలగడం, అవతలి మనిషి మీకోసం నెమ్మదించకుండానే మాట్లాడుకోగలగడం. ఉద్యోగానికైనా పీజీకైనా అసలు లెక్క అక్కడే మొదలవుతుంది. అందుకని ప్లాను చివరి నుంచి వెనక్కి వేసుకోవాలి: డిగ్రీ చివరికి సీ1, నాలుగో సెమిస్టర్ అయ్యేసరికి బీ2 అంచు, మొదటి ఏడాది చివరికి గట్టి ఏ2. సీటు ఎక్కడ, రోజుకి ఎన్ని గంటలు, ఏ పరీక్ష ఎప్పుడు అన్నవన్నీ దీన్ని బట్టే తేల్చుకోవాలి.

మనకి దగ్గర్లో ఉన్నది హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఢిల్లీలో జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ, జామియా మిల్లియా ఉన్నాయి. డెహ్రాడూన్‌లో దూన్ యూనివర్సిటీ ఉంది. ఎంపీసీ, బైపీసీ చదివినవాళ్ళు కూడా అప్లై చేయొచ్చు, స్పానిష్ ముందే వచ్చి ఉండక్కర్లేదు. అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టే బ్యాచ్‌లే ఎక్కువ. కాజీపేటలో రైలెక్కితే హైదరాబాద్ పొద్దున వెళ్ళి సాయంత్రానికి రాగలిగే దూరం, ఢిల్లీకి కూడా నేరుగా బండ్లున్నాయి. నా మటుకు దూరం చూసి సీటు వదులుకోవద్దనే అంటాను. స్పానిష్ భాషా ప్రచారానికి స్పెయిన్ ప్రభుత్వం నడిపే సెర్వాంటెస్ సంస్థ, స్పానిష్ మాట్లాడే దేశాల ఎంబసీలు ఢిల్లీలో ఉండటం వల్ల అక్కడి విద్యార్థులకి ఆ భాష మాట్లాడే మనుషులు దొరుకుతారు. హైదరాబాద్‌లో ఆ అవకాశాన్ని మనమే వెతుక్కోవాలి.

మనవాళ్ళు ఎక్కువగా పొరపాటుపడేది ప్రవేశాల దగ్గరే. తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో ఇచ్చినట్టు ఒకేచోట వెబ్ ఆప్షన్లు ఇస్తే సరిపోతుందనుకుంటారు. ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయాలు దోస్త్‌లో ఉండవు. జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ సీటుకి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తర్వాత ఒక్కో యూనివర్సిటీ పోర్టల్‌లో మళ్ళీ విడిగా రిజిస్టర్ కావాలి. ఈ రెండో పని మరిచిపోయి, మంచి మార్కులు వచ్చి కూడా సీటు పోగొట్టుకునేవాళ్ళు ఉంటారు. ఇఫ్లూ ఏ పరీక్ష ద్వారా తీసుకుంటోందో ఆ ఏడాది ప్రకటనలో చదవండి, సీనియర్ల మాట మీద ఆధారపడొద్దు. సీయూఈటీ 2025 పద్ధతిలో ఒక్కో పేపర్‌కి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఒప్పుకి 5 మార్కులు, తప్పుకి 1 కోత. గరిష్ఠంగా 5 పేపర్లు ఎంచుకోవచ్చు. ఏ పేపర్లు లెక్కలోకి తీసుకుంటారన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది కాబట్టి ఇంగ్లీషు, జనరల్ టెస్ట్ రెండూ తప్పకుండా పెట్టుకుని, మిగతా మూడూ ఇంటర్ సబ్జెక్టుల నుంచి తీసుకోండి. ఏ పేపర్లన్నది ఫారం నింపేటప్పుడే తేల్చుకోండి.

ఇక సర్టిఫికెట్లు. ఇంటర్‌లో చేరేటప్పుడు మీరు కాలేజీకి ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. కేంద్ర సంస్థలకి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో కావాలి. మీసేవలో దానికి దరఖాస్తు వేరు. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. ఇక్కడ బీసీ అయినంత మాత్రాన అక్కడ ఓబీసీ అవుతారని లేదు. ముందు కేంద్ర జాబితాలో తెలంగాణ పేజీలో మీ కులం పేరు ఉందేమో చూడండి, అక్షరాలు కూడా సరిపోవాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరానికి ముడిపడి ఉంటుంది, ఏప్రిల్ 1 దాటాక కొత్తది తీయాలి. తహసీల్దార్ ఆఫీసులో ఆ నెలల్లో రద్దీ ఎక్కువ. సీటు వచ్చాక తీద్దామనుకుంటే వెరిఫికేషన్ గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

సీటు ఖాయమై క్లాసులు మొదలయ్యేలోపు దొరికే వారాలు చాలా విలువైనవి. అప్పుడు చేయాల్సిన పని, నోటిని సిద్ధం చేసుకోవడం. స్పానిష్ త, ద, ప, కలు దాదాపు మన త, ద, ప, కలే. ఇంగ్లీషు మీడియం అలవాటుతో వాటిని ట, డలుగా పలికితే మొదటి వారమే యాస పాడవుతుంది. అచ్చులు ఐదే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. దీర్ఘం వల్ల మాట అర్థం మారదు, మార్చేది ఊనిక. 'ఆబ్లో' అని ముందు అక్షరం మీద ఊనితే 'నేను మాట్లాడతాను', 'అబ్లో' అని చివర ఊనితే 'అతను మాట్లాడాడు'. తెలుగులో ఇలాంటి ఊనిక లేదు కనుక మనవాళ్ళు అన్ని అక్షరాలూ సమానంగా పలుకుతారు, వినేవాడికి కాలం తెలియకుండా పోతుంది. సూత్రం చిన్నదే: మాట అచ్చుతోగానీ న్, స్‌లతోగానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద, లేకపోతే చివరి అక్షరం మీద. దీనికి లొంగని చోట అక్షరం నెత్తిన గీత ఉంటుంది. చదివేటప్పుడు ఊనిక ఉన్నచోట బల్ల మీద వేలితో తట్టుతూ రోజూ ఒక పేజీ పైకి చదివితే నెలలో నోరు తిరుగుతుంది. ర విషయంలోనూ జాగ్రత్త. 'పేరో' అంటే 'కానీ', నాలుక అదిరించి 'పేర్రో' అంటే 'కుక్క'.

వ్యాకరణంలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా నేర్చుకోండి. పాఠ్యపుస్తకం ఇంగ్లీషులోనే వివరిస్తుంది, ఇంగ్లీషుకి కష్టమైనవాటిని మనకీ కష్టమని చెబుతుంది. చూడండి: 'నాకు టీ ఇష్టం' అన్నప్పుడు టీ కర్త, నాకు అన్నది చతుర్థి. స్పానిష్‌లో 'మె గుస్తా ఎల్ తే' సరిగ్గా అదే కట్టు. 'పుస్తకం చూశాను' అంటాం, 'అమ్మని చూశాను' అంటాం. మనిషి అయితేనే -ని తప్పనిసరి. స్పానిష్‌లోనూ పుస్తకానికి ఏమీ ఉండదు, అమ్మ ముందు మాత్రం 'ఆ' చేరుతుంది: 'వి ఆ మి మాద్రే'. 'నిన్న వేయిస్తంభాల గుడికి వెళ్ళాం' అంటే 'ఫుయిమోస్', 'చిన్నప్పుడు వెళ్ళేవాళ్ళం' అంటే 'ఈబామోస్'. ఇంగ్లీషు వాళ్ళు నెలలు కష్టపడే ఈ రెండు భూతకాలాల తేడా మన నోట్లో ముందే ఉంది.

అందరూ భయపెట్టే 'సెర్', 'ఎస్తార్' జంట కూడా అంతే. ఇంగ్లీషులో రెండిటికీ 'be' ఒక్కటే. 'ఆమె లాయరు' అన్నప్పుడు తెలుగులో క్రియే లేదు, అక్కడ సెర్. 'ఆమె కోర్టులో ఉంది', ఇక్కడ ఎస్తార్. 'పెళ్ళి హన్మకొండలో' అని క్రియ లేకుండా అంటాం, ఫంక్షన్ ఎక్కడో చెప్పేటప్పుడు స్పానిష్ కూడా సెర్ వాడుతుంది. 'పుస్తకం టేబుల్ మీద ఉంది' అయితే ఎస్తార్. మాట వరస మార్చి 'టేబుల్ మీద పుస్తకం ఉంది' అంటే ఎస్తార్ కాదు, 'ఆయ్' అనే మూడో మాట. అయితే ఈ దారి అన్నిచోట్లా నడవదు. 'వాళ్ళ ఇల్లు పెద్దగా ఉంది' అంటాం, స్పానిష్‌లో ఇంటి పెద్దతనం దాని గుణం కాబట్టి సెర్ రావాలి. 'అప్పటికి నాకు పదేళ్ళు' అన్నచోట మనకి క్రియ లేదు, వాళ్ళకి 'కలిగి ఉండటం' అనే క్రియ కావాలి. తెలుగు సాయం చేసేచోటు, తప్పుదోవ పట్టించేచోటు రెండు వరసలుగా నోటుబుక్కులో రాసుకుంటూ పోతే మీ తప్పుల పట్టిక మీకే తయారవుతుంది.

తెలుగు అస్సలు ఆదుకోనిది లింగం. బల్లకి, చేతికి, సమస్యకి కూడా లింగం ఉంటుంది. 'ఓ'తో ముగిసేవి పుంలింగం అనుకుంటే 'లా మానో' అడ్డొస్తుంది, 'ఆ'తో ముగిసేవి స్త్రీలింగం అనుకుంటే 'ఎల్ ప్రొబ్లేమా', 'ఎల్ మాపా' అడ్డొస్తాయి. మాటని ఎప్పుడూ ఒంటరిగా నేర్చుకోవద్దు, ముందున్న ఎల్, లాతో కలిపే బట్టీ పట్టండి. విశేషణం కూడా లింగానికి తగ్గట్టు మారుతుంది కాబట్టి ఒక్క తప్పు వాక్యమంతా పాకుతుంది.

గంటల లెక్కకి వద్దాం. వారానికి 12 గంటల భాషా క్లాసులు, సెమిస్టర్‌కి 15 వారాలు అనుకుంటే 180 గంటలు. నాలుగు సెమిస్టర్లకి 720. బీ2కి సుమారు 500 నుంచి 650 గంటల బోధన కావాలంటారు కాబట్టి కాగితం మీద సరిపోయినట్టే. కానీ 30 మంది ఉన్న క్లాసులో 50 నిమిషాల పీరియడ్ అంటే, టీచర్ నోరు విప్పకపోయినా ఒక్కొక్కరికి రెండు నిమిషాల మాట కూడా రాదు. మాట్లాడటం క్లాసు బయటే జరగాలి. రోజూ అరగంట వినడం, పావుగంట పైకి చదవడం, పావుగంట రాయడం, హాస్టల్‌లో ఒక జతగాణ్ణి పెట్టుకుని భోజనం దగ్గర స్పానిష్ తప్ప వేరే మాట మాట్లాడకపోవడం చాలు. వినడానికి స్పెయిన్ ప్రభుత్వ రేడియో నెట్‌లో ఉచితం. అర్థం కాకపోయినా పెట్టుకుంటే అదే వస్తుందనుకోవద్దు. రెండు నిమిషాల ముక్క తీసుకుని, విన్నది రాసి, మళ్ళీ విని దిద్దుకుంటేనే చెవి పదునెక్కుతుంది.

చాలామంది జారిపోయేది మూడో సెమిస్టర్‌లో. అప్పటిదాకా గైడు చదివి గట్టెక్కినవాళ్ళకి అక్కడ సంభావనార్థక క్రియలు (కోరిక, సందేహం లాంటివి చెప్పే సబ్‌జంక్టివ్ రూపాలు), సాహిత్యం రెండూ ఒకేసారి మీద పడతాయి. కథ అర్థం కాక ఇంగ్లీషు అనువాదం చదివి పరీక్ష రాస్తారు, మార్కులు వస్తాయి, భాష ఏ2 దగ్గరే ఆగిపోతుంది. మొదటి ఏడాది సెలవుల్లోనే స్థాయికి తగ్గట్టు సులువు చేసిన చిన్న పుస్తకాలు నాలుగైదు ముగించినవాళ్ళు ఈ గండం దాటతారు. పేజీలో తెలియని మాటలు ఐదారు మించితే ఆ పుస్తకం పక్కన పెట్టి ఇంకా సులువుది తీసుకోండి. రెండో ఏడాది నుంచి ఇంగ్లీషు అర్థాల నిఘంటువు తగ్గించి, 1713 నుంచి ఉన్న రాయల్ స్పానిష్ అకాడమీ వాళ్ళ నిఘంటువు వాడండి. అదీ నెట్‌లో ఉచితమే.

సంస్కృతి పేపర్లని మార్కుల కోసం తేదీలు బట్టీ పట్టే సబ్జెక్టుగా చూసేవాళ్ళంటే నాకు బాధ. 711లో అరబ్బులు, ఉత్తర ఆఫ్రికా బెర్బర్లు స్పెయిన్‌లో అడుగుపెట్టడం, 1492లో అక్కడి చివరి ముస్లిం రాజ్యం గ్రనాడా పతనం, అదే ఏడు కొలంబస్ ప్రయాణం, 1936–39 అంతర్యుద్ధం, 1975లో నియంత ఫ్రాంకో మరణం, 1978 రాజ్యాంగం. ఈ వరస తెలిస్తే ఇవాళ్టి పత్రిక అర్థమవుతుంది. ఆ రాజ్యాంగం కింద ఏర్పడ్డ 17 స్వయంపాలిత ప్రాంతాలు, కాటలాన్, బాస్క్, గాలీషియన్ భాషల హక్కులు, నిధుల పంపకం మీద తగాదాలు తెలంగాణ పిల్లలకి కొత్త చర్చలేం కావు. ప్రాంతం, భాష, నిధులు అన్న మాటలు వింటూ పెరిగినవాళ్ళు ఆ పేపర్ మిగతావాళ్ళకంటే లోతుగా రాయగలరు.

లాటిన్ అమెరికా అంతా చదవబోతే ఏదీ రాదు. రెండో ఏడాదిలోనే ఒక దేశం ఎంచుకోండి. మెక్సికో అయితే సెమినార్ పేపర్‌కి విషయం మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోనే దొరుకుతుంది. మిర్చి, మొక్కజొన్న, వేరుశనగ, జామ అన్నీ అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినవే. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చికి కారం తక్కువ, రంగు ఎక్కువ. స్పెయిన్ వంటింట్లో ఎర్ర మిరప పొడికి ఉన్న విలువతో దాన్ని పోల్చి రాస్తే ఏ ప్రొఫెసరూ విసుక్కోరు.

నాలుగో సెమిస్టర్ తర్వాత డెలే బీ2 రాయండి. డెలే అంటే సెర్వాంటెస్ సంస్థ ఇచ్చే స్పానిష్ స్థాయి సర్టిఫికెట్ పరీక్ష. చదవడం 70 నిమిషాలు, వినడం 40, రాయడం 80, మాట్లాడటం 20. మాట్లాడే ముందు సిద్ధం కావడానికి ఇంకో 20 ఇస్తారు. చదవడం, రాయడం ఒక జట్టు, వినడం, మాట్లాడటం ఇంకో జట్టు. ఒక్కో జట్టులో 50కి 30 రావాలి. మొదటి జట్టులో 48 వచ్చినా రెండోదాంట్లో 29 వస్తే ఫెయిలే. మనవాళ్ళకి దెబ్బ తగిలేది ఆ రెండో జట్టులోనే, అందుకే పైన వినడం గురించి అంత చెప్పింది. డెలే సర్టిఫికెట్‌కి గడువు లేదు. కంప్యూటర్ మీద రాసే ఇంకో స్పానిష్ పరీక్ష సియేలే 1000 మార్కులకి ఉంటుంది, ఐదేళ్ళు చెల్లుతుంది. అక్కడ పాస్, ఫెయిల్ ఉండదు, మీ స్థాయి ఏదో చెబుతారు. తొందరగా ఫలితం కావాల్సినవాళ్ళకి అది నయం.

ఉద్యోగం సంగతి ఇంట్లోవాళ్ళకి ముందే స్పష్టంగా చెప్పాలి. ఒట్టి భాషతో దొరికేవి అనువాదం, స్కూళ్ళలో బోధన, హైదరాబాద్ కంపెనీల్లో స్పానిష్ కస్టమర్ల పనులు. దానికి అకౌంట్స్, డేటా, ఫార్మా రిజిస్ట్రేషన్ పత్రాలు లాంటి ఇంకో నైపుణ్యం జతపడితే జీతం మారుతుంది. మూడో ఏడాది మొదలయ్యేలోపు ఆ రెండోది ఏదో తేల్చుకోవాలి.

స్పెయిన్‌లో పీజీ ఆలోచన ఉంటే మెమోలు, డిగ్రీ పట్టా మీద ముందు రాష్ట్ర ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం అసలుదేనని విదేశాల్లో చెల్లే ముద్ర) వేయించుకోవాలి. అవసరమైతే అధికారిక అనువాదకులతో స్పానిష్‌లోకి మార్పించాలి. ఇక్కడ పేరు చిక్కు వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే ప్రతిచోటా ఆపుతారు. స్పానిష్ ఫారాల్లో ఇంటిపేరుకి రెండు గళ్ళుంటాయి, తండ్రి వైపుది, తల్లి వైపుది. రెండో గడిలో అమ్మ పుట్టింటి పేరు రాయకండి, అది మన పాస్‌పోర్ట్‌లో ఉండదు. ఆ గడి ఖాళీగా వదిలి, పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు మొదటి గడిలో రాయండి. డెలే రిజిస్ట్రేషన్‌లోనూ అదే పేరు పడాలి. అందుకే పాస్‌పోర్ట్ మొదటి ఏడాదిలోనే, టెన్త్ మెమోతో పేరు సరిచూసుకుని తీసుకోండి.