డోలమైట్ చాప్టర్‌ని నేను ఎలా చదివానంటే

ఫ్రెండ్స్, జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) జియాలజిస్ట్‌కో గేట్‌కో చదివేవాళ్లకి సెడిమెంటాలజీలో (అవక్షేప శిలల చదువులో) డోలమైట్, అంటే కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉన్న కార్బొనేట్ రాయి, రాగానే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఏ నోట్స్ తీసినా సబ్ఖా, రీఫ్లక్స్, మిక్సింగ్ జోన్, బరియల్ అని మోడళ్ల పేర్లే వరసగా ఉంటాయి, వారం తిరక్కుండానే అన్నీ కలగాపులగం అయిపోతాయి. పేర్లు బట్టీ పట్టకండి. నేను ప్రతి మోడల్ దగ్గరా చూసుకున్నది ఒక్కటే: సున్నపురాయిలోకి మెగ్నీషియం ఎక్కడి నుంచి వచ్చింది, ఆ నీటిని లోపలికి నడిపించింది ఏది?

సబ్ఖానే తీసుకోండి, అంటే ఎడారి తీరంలోని ఉప్పు మైదానం. అబుదాబి తీరంలో ఎండకు నీరు ఆవిరైపోతుంటే ముందు అరగొనైట్, తర్వాత జిప్సం పడతాయి, రెండూ కాల్షియాన్నే లాగేసుకుంటాయి. దాంతో మామూలు సముద్రపు నీటిలో 5 దగ్గరుండే మెగ్నీషియం-కాల్షియం నిష్పత్తి బాగా పెరిగి, ఆ నీరు అక్కడి కార్బొనేట్ మట్టిని డోలమైట్‌గా మారుస్తుంది. అదే ఉప్పునీరు బరువెక్కి లగూన్ అడుగు నుంచి కింది రాళ్లలోకి ఇంకితే రీఫ్లక్స్. చూశారా, ఒకటి అర్థమైతే రెండోది దానంతటదే వచ్చేసింది! మంచినీరు, సముద్రపు నీరు కలిసే చోట డోలమైట్ ఏర్పడుతుందనే మిక్సింగ్ జోన్‌కి ఇప్పుడు పెద్దగా మద్దతు లేదు, జవాబులో ఆ మాట కూడా రాయండి.

నాకు బాగా నచ్చింది మాత్రం డోలమైట్ ప్రాబ్లమ్. సముద్రపు నీటిలో సరుకంతా ఉంది, అయినా డోలమైట్ పడదు, మెగ్నీషియం అయాన్‌ని నీటి అణువులు అంత గట్టిగా పట్టుకుని ఉంటాయి. జియాలజిస్ట్ లింటన్ లాండ్ 25 డిగ్రీల దగ్గర 32 ఏళ్లు ప్రయోగం నడిపినా డోలమైట్ రాలేదని 1998లో రాశారు. 2023లో మిషిగన్, హొక్కైడో యూనివర్సిటీల వాళ్లు కారణం చూపించారు: కాల్షియం, మెగ్నీషియం తప్పు చోట కూర్చుని పెరుగుదలను ఆపేస్తాయి, ఆ తప్పు భాగం మళ్లీ మళ్లీ కరిగితేనే సరైన పొర పడుతుంది. అలా కరిగిస్తూ సుమారు 300 పొరలు పెంచారు, అంతకుముందు ల్యాబ్‌లో 5 దాటలేదు. ప్రకృతిలో ఆ కరిగించే పని వానలు, ఆటుపోట్లు చేస్తాయి.

ప్రాక్టికల్స్‌కి ఒక్క మాట. చల్లటి డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే సున్నపురాయి బుస్సున పొంగుతుంది, డోలమైట్ దాదాపు కదలదు. మేకుతో గీకి ఆ పొడి మీద వేసి చూడండి, సన్నగా బుడగలు లేస్తాయి.

ఉదాహరణలకి దూరం పోనక్కర్లేదు. కడప బేసిన్‌లోని వేంపల్లె ఫార్మేషన్ డోలమైట్‌లో స్ట్రొమటోలైట్లు (సూక్ష్మజీవుల పొరల వల్ల ఏర్పడిన రాతి నిర్మాణాలు) ఉన్నాయి, తుమ్మలపల్లె యురేనియం కూడా అందులోనే ఉంది, మెయిన్స్‌లో కార్బొనేట్ రాళ్ల ప్రశ్నకీ యురేనియం ప్రశ్నకీ రెండింటికీ పనికొస్తుంది.