నాయన రేజరు, మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు

దవడ కింద, మెడ మీద ఎర్రటి పొక్కులు నాకు పదేళ్లుగా ఉన్నాయి. గడ్డం గీసుకున్న మర్నాడు మొదలై మూడో రోజుకి చీము పట్టేవి. నాలుగైదు రకాల క్రీములు మార్చాను. పోయినేడు ఒంగోల్లో ఒక చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన మందు రాయకముందే "ఎన్ని బ్లేళ్ల రేజరు వాడతారు?" అని అడిగారు. ఐదు అన్నాను, కాస్త గొప్పగానే. "అందుకే" అన్నారు.

ముందు బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతూ కోస్తుందట. అది లోపలికి సర్దుకునేలోపు వెనక బ్లేడు వచ్చి ఇంకా కిందికి కోస్తుంది. దాంతో తెగిన కొస చర్మం కిందికి జారిపోతుంది. చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది గానీ, వంకీలు తిరిగే వెంట్రుక మళ్లీ పెరిగేటప్పుడు బయటికి దారి దొరక్క లోపలే గుచ్చుకుంటుంది. అదే పొక్కు. "ఒక్క బ్లేడు రేజరుకు మారండి, లేదంటే గడ్డం పెంచండి" అన్నారు. నేను గడ్డం పెంచితే వానల్లేని ఏడు మెట్టచేలో కంది మొలిచినట్టు ఉంటుంది. కాబట్టి రేజరే దిక్కు.

రేజరు కోసం కొట్టుకు పోలేదు. కొండపి వైపు మా ఊళ్లో, నాయన ట్రంకు పెట్టెలో ఒకటి ఉండాలని గుర్తు. వెతికితే దొరికింది. మూడు ముక్కల రేజరు: పిడి, దాని మీద కూర్చునే పళ్ల పలక, ఆ పైన వంపు తిరిగిన మూత. మధ్యలో బ్లేడు పెట్టి పిడి బిగిస్తే మూత బ్లేడును వంచి పట్టుకుంటుంది. రెండు వైపులా అంచు మాత్రం వెంట్రుక వాసి బయటికి కనిపిస్తుంది. అంతే యంత్రం. ఇందులో అరిగేది గానీ, పాడయ్యేది గానీ ఏమీ లేదు. 1904లో జిల్లెట్ అనే అమెరికా ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతే, ఇవాళ కొత్తగా కొన్నా దాదాపు ఇదే. పళ్ల సందుల్లో ఎండిన సబ్బు తెల్లగా గట్టిపడి ఉంటే, నిమ్మకాయ పిండిన వేడినీళ్లలో కాసేపు ఉంచి పాత పళ్ల బ్రష్‌తో రుద్దాను. మెరుపు చాలావరకు తిరిగొచ్చింది.

ఆ రేజరు చూడగానే గుర్తొచ్చేది పొగాకు వేలం. నాయన రోజూ గడ్డం గీసుకునే మనిషి కాదు. టంగుటూరు వేలానికి పొగాకు చెక్కులు, అంటే బేళ్లు, వేసుకుని పోయే రోజు మాత్రం తెల్లారుజామునే అరుగు మీద అద్దం ఆనించి కూర్చునేవాడు. ఇంటి ముందే చేతిపంపు ఉన్నా, ఆ నీళ్లు ముట్టేవాడు కాదు. ఇంట్లోకి వచ్చి, మంచినీళ్ల చెరువు నుంచి అమ్మ మోసుకొచ్చిన బిందెలోంచి చెంబు ముంచుకుపోయేవాడు. "తాగే నీళ్లతో గడ్డమేంది, పంపు కొట్టుకోలేవా?" అని అమ్మ ప్రతిసారీ అరిచేది. ఆయన బదులు చెప్పేవాడు కాదు. అదంతా మగవాడి దర్పం అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

ఒంగోల్లో అద్దంకి బస్టాండు దగ్గర ఒక ఫ్యాన్సీ షాపులో, రెండు వైపులా పదునుండే మామూలు బ్లేళ్లు కావాలని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి "సెలూన్ ఎక్కడ సార్ మీది?" అన్నాడు. నిజమే, ఇప్పుడు ఇవి ఎక్కువగా కొనేది సెలూన్ల వాళ్లే. కాగితంతో సహా బ్లేడును మధ్యకు విరిచి, సగం ముక్క కత్తిలో దోపుతారు, ఒక మనిషికి ఒక ముక్క. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, సూపర్‌మాక్స్ తలా ఒక ప్యాకెట్ తీసుకున్నాను. అన్నీ కలిపినా నేను అంతకుముందు వాడిన ఐదు బ్లేళ్ల ముక్క ఒక్కదాని ఖరీదు కాలేదు. పంది వెంట్రుకల బ్రష్ ఒకటి, గుండ్రటి డబ్బాలో షేవింగ్ సబ్బు ఒకటి, పచారీ కొట్లో పటిక గడ్డ ఒకటి కొన్నాను.

మొదటి రోజు ఐదు చోట్ల తెగింది. గొంతు ముడి మీద ఒకటి, గడ్డం కింద రెండు, పెదవి మూలన ఒకటి, చెవి దగ్గర ఎలా తెగిందో ఇప్పటికీ తెలియదు. తప్పు చేతిది. మునుపటి రేజరుతో పదిహేనేళ్లు అదిమి గీకిన అలవాటు. దానికి తల ఆడుతుంది, నువ్వెంత నొక్కినా అదే సర్దుకుంటుంది. దీనికి తల ఆడదు, కోణం మనమే పెట్టాలి. పిడిని చెంపకు నిటారుగా ఆనించి, మెల్లగా కిందికి దించుతూ పోతే ఒకచోట అంచు వెంట్రుకకు తగులుతుంది. ఇంచుమించు ముప్పై డిగ్రీలు. అక్కడ ఆపి, పిడి చివర రెండు వేళ్లతో పట్టుకుని, రేజరు బరువు మీదే జారనివ్వాలి. కోణం కుదిరితే చప్పుడే చెబుతుంది, ఎండిన కొబ్బరాకు మీద గోరు గీసినట్టు సన్నగా సరసరమంటుంది. చప్పుడు లేకపోతే తెగేది వెంట్రుక కాదు, చర్మం. ఆ చప్పుడు వినడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కట్టేసి గీసుకోవడం మొదలుపెట్టాను. బాత్రూమ్ తలుపు సందులోంచి చూసి మా ఆవిడ "దీక్షలో ఉన్నారు, కదిలించొద్దు" అని పిల్లలకు చెప్పేది.

రెండు వారాల్లో చెయ్యి తేలికైంది. గాట్లు తగ్గాయి. నురగ మాత్రం రాలేదు.

బ్రష్ తడిపి, సబ్బు మీద అర నిమిషం తిప్పి ముఖానికి రాస్తే మొదట కాస్త తెల్లగా లేచేది. అద్దంలో చూసుకునేలోపే పలచబడి, పెరుగు విరిగినట్టు నలకలు నలకలుగా అయిపోయేది. రెండో చెంపకు వచ్చేసరికి మొదటి చెంప ఎండిపోయేది. పొడి చర్మం మీద బ్లేడు లాగితే మంట, ఆ పైన పటిక రుద్దితే అరిచేంత మంట. బేసిన్ చుట్టూ బూడిద రంగు తెట్టు కట్టేది.

ముందు సబ్బును తిట్టాను. రెండోది తెచ్చాను, మూడోది ఆన్‌లైన్‌లో తెప్పించాను. తర్వాత బ్రష్ మీద పడ్డాను. పంది వెంట్రుకలది వాడకముందు పదిహేను నిమిషాలు నానాలనీ, నెల రోజులు వాడితే గానీ కొసలు చీలి మెత్తబడదనీ చదివి ఓపిక పట్టాను. తడిసినప్పుడు అది కొట్టే వాసన గురించి చెప్పకపోవడమే మంచిది. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల బ్రష్ తెప్పించాను. ఖరీదు ఇంట్లో సగమే చెప్పాను. నీళ్లు ఎక్కువ పోసి చూశాను, తక్కువ పోసి చూశాను, మరగబెట్టి కూడా చూశాను. లాభం లేదు. తిక్క రేగి ఆ మూడు సబ్బుల్లో మొదటిదాన్ని మా వాచ్‌మన్ తాతకు ఇచ్చేశాను.

ఆ నెలలోనే నాయన కంటి పరీక్షకని ఒంగోలు వచ్చాడు. పొద్దున్నే నా బాత్రూమ్ గలాటా విని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తన రేజరును గుర్తుపట్టాడు గానీ దాని గురించి ఏమీ అనలేదు. కాసేపు నా బ్రష్ తిప్పుడు చూసి, మగ్గులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. తుపుక్కున ఉమ్మాడు.

"ఏందిరా ఈ నీళ్లు?"

"బోరు నీళ్లు నాయనా."

"ఉప్పు నీళ్లలో నురగేందిరా, నీకు చదువెవరు చెప్పారు?"

చదువు చెప్పారు, నేనే వినలేదు. కఠిన జలం అని బళ్లో పరీక్ష కోసం బట్టీ పట్టిన పాఠమే ఇది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటే అవి సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. ఆ లవణాలకు సరిపడా సబ్బు విరిగిపోయాక మిగిలిందే నురగకు. మరగబెడితే పోయేది తాత్కాలిక కాఠిన్యత మాత్రమే. క్లోరైడ్లు, సల్ఫేట్ల వల్ల వచ్చే శాశ్వత కాఠిన్యత ఎంత కాచినా పోదు. నాలుగు మార్కుల ప్రశ్న అది, మొత్తం రాశాను కూడా.

మరి ఇన్నేళ్లూ ఇదే బోరు నీళ్లతో గడ్డం ఎలా గీసుకున్నాను? దానికి జవాబు తట్టడానికి ఆ రోజంతా పట్టింది. నేను వాడింది డబ్బాలోంచి బుస్సున వచ్చే ఫోమ్. దాని నీళ్లు దాంట్లోనే ఉంటాయి, ఫ్యాక్టరీలోనే కలిపేస్తారు. మన ఇంటి నీళ్లతో దానికి పనేలేదు. షాంపూ నురగేమో అసలైన సబ్బు నురగ కాదు కాబట్టి ఉప్పు నీళ్లు దాన్ని అంతగా చెడగొట్టవు. అందుకే మా నీళ్ల సంగతి నా గడ్డానికి ఇన్నేళ్లూ తెలియలేదు.

మాకు తాగే నీళ్ల క్యాన్లు వేసే కుర్రాడి దగ్గర టీడీఎస్ మీటరు ఉంటే, ఊరికే తెలుసుకుందామని రెండు గ్లాసుల్లో ముంచమన్నాను. బోరు నీళ్లు 1,460. క్యాను నీళ్లు 55. ఆ అంకె నీళ్లలో కరిగినవన్నీ కలిపి చెబుతుంది, కాఠిన్యత ఒక్కటే కాదు. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ప్రకారం టీడీఎస్ 500 దాటకుండా ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. కాఠిన్యత విడిగా చూస్తే లీటరుకు 200 మిల్లీగ్రాములు, మహా అయితే 600. మా బోరులో అదెంతో ఆ మీటరు చెప్పలేదు గానీ, బేసిన్ చుట్టూ తెట్టు చెబుతూనే ఉంది.

మర్నాడు క్యాను నీళ్లు ఒక గ్లాసు గోరువెచ్చగా కాచుకున్నాను. అదే బ్రష్, అదే మూడో సబ్బు. బ్రష్ ముంచి, రెండుసార్లు విదిలించి, సబ్బు మీద తిప్పాను. ఇరవై తిప్పుళ్లకు మొదట పెద్ద పెద్ద బుడగలు లేచాయి. అక్కడ ఆగకూడదు. ఇంకా తిప్పుతుంటే బుడగలు చిన్నవై, ఆ తర్వాత కంటికి ఆనకుండా పోయి, సబ్బు జిగురుగా బ్రష్‌కు పట్టుకుంటుంది. అప్పుడు చెంప మీద పెట్టి, కొసలతో రెండేసి చుక్కలు నీళ్లు అద్దుకుంటూ గుండ్రంగా రుద్దాలి. మూడోసారి నీళ్లు అద్దేసరికి అది ఒక్కసారిగా లేచింది. గడ్డ పెరుగు మీది మీగడలాగా దళసరిగా, మెరుస్తూ. బ్రష్ ఎత్తితే కొమ్ము నిలబడింది. పది నిమిషాల తర్వాత కూడా ముఖం మీద తడిగానే ఉంది. నాయన మంచం మీద నుంచే "వచ్చిందా?" అని కేకేశాడు. అమ్మ బిందెలోని చెంబు అప్పుడు గుర్తొచ్చింది. ఊరికి పోయాక అమ్మకు చెప్తే "ఆ మాట అప్పుడే నోరు తెరిచి చెప్పి ఉంటే నేనెందుకు అరుస్తాను" అంది.

తర్వాతంతా త్వరగా కుదిరింది. వెంట్రుక ఎటు పెరుగుతుందో తెలుసుకోవడం ఒక్కటి మిగిలింది. రెండు రోజుల గడ్డం మీద వేలితో నాలుగు వైపులా రుద్దితే, గరుగ్గా తగిలింది ఎదురు వైపు. నాకు చెంపల మీద కిందికి, మెడ మీద ఎడమ పక్క మాత్రం అడ్డంగా పెరుగుతుంది. ఇన్నేళ్లూ ఆ పక్కంతా ఎదురు గీకానన్నమాట. ఎక్కువ పొక్కులూ అక్కడే. ఇప్పుడు ఒకసారి వాలుకు, మళ్లీ నురగ రాసి ఒకసారి అడ్డంగా గీస్తాను. ఎదురు మాత్రం గీయను, మెడ మీద అసలే గీయను. రేజరు పిచ్చి పట్టిన నా స్నేహితుడు మూడోసారి ఎదురు గీస్తేనే షేవింగ్ అంటాడు. వాడి చర్మం వాడిది. బ్లేడు నాలుగు షేవింగులకు మారుస్తాను. పాత బ్లేళ్లను నాయన చూరులో దోపేవాడు. మాకు చూరు లేదు కాబట్టి పాలపొడి డబ్బా మూతకు చీలిక పెట్టి అందులో వేస్తున్నాను.

మూడు నెలలకు పొక్కులు దాదాపు పోయాయి. ఎడమ దవడ కింద ఒకటి రెండు ఇప్పటికీ మొండికేస్తాయి.

కార్తీకంలో వాయుగుండం పట్టి మూడు రోజులు కురిస్తే, బాల్కనీలో బకెట్ పెట్టి వాన నీళ్లు పట్టాను. క్యాను నీళ్లను మించిన నురగ వచ్చింది. సబ్బు మామూలులో సగం కూడా పట్టలేదు. వాన వెలిశాక రెండు ఖాళీ క్యాన్లు నింపి మంచం కింద దాచాను. మా ఆవిడకు ఇది కాస్త ముదిరిందనే అనిపిస్తోంది.

అప్పుడే వాచ్‌మన్ తాతకిచ్చిన మొదటి సబ్బు గుర్తొచ్చింది. పాపం, దాని తప్పేమీ లేదు. కిందికి దిగి, మొహమాటంగానే "తాతా, అప్పుడిచ్చిన సబ్బు వాడుతున్నావా?" అని అడిగాను. ఆయన గదిలోకి వెళ్లి డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. సబ్బు మీద అచ్చు గుర్తు కూడా చెరగలేదు.

"గడ్డానికి నురగ రాలేదు సార్. పోనీలే బుడగలు ఊదుకుంటాడని మనవడికిచ్చా. వాడికీ రాలేదు."