ఎలక్ట్రాన్ వోల్ట్ అర్థమైన రోజే నా ఫిజిక్స్ మారింది

నీట్ ఫలితాలు వచ్చి వారం అయింది. పోయినసారి ఫిజిక్స్‌లో నాకు 61, ఈసారి 138. లాంగ్‌టర్మ్‌లో, అంటే మళ్లీ నీట్ రాయడానికి ఏడాది కోచింగ్‌లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క విషయం గట్టిగా చెప్పాలని రాస్తున్నాను.

నవంబరులో ఒక గ్రాండ్ టెస్ట్. 400 నానోమీటర్ల కాంతి సీసియం మీద పడింది, వర్క్ ఫంక్షన్ (లోహం నుంచి ఎలక్ట్రాన్ బయటపడటానికి కావాల్సిన కనీస శక్తి) 2.14 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, స్టాపింగ్ పొటెన్షియల్ (బయటికొచ్చిన ఎలక్ట్రాన్లను పూర్తిగా ఆపే వోల్టేజీ) ఎంత? నేను అన్నీ జౌళ్లలోకి మార్చాను. ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం, ఘాతాలు, తీసివేతలు. నాలుగు నిమిషాలకు 1.55 × 10⁻¹⁹ జౌళ్లు వచ్చింది. ఆప్షన్లలో 1.55 వోల్ట్‌లు కనిపించింది, బబుల్ చేసేశాను. తప్పు. నాకు వచ్చింది జౌళ్లు, అడిగింది వోల్ట్‌లు. మార్కు పోయింది, టైమూ పోయింది.

ఆ ఆదివారం ఇంటికెళ్లి నాన్న కిరాణా కొట్లో కూర్చున్నాను. బియ్యం ధర కిలోకి ఇంత అని బోర్డు మీద ఉంటుంది. బిల్లు మాత్రం ఎన్ని కిలోలు తీసుకున్నారన్న దాన్ని బట్టి వస్తుంది. అక్కడ వెలిగింది. వోల్ట్ అంటే ధర, ఒక కూలుంబ్‌కి ఇన్ని జౌళ్లు అని. ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే బిల్లు, ఒక్క ఎలక్ట్రాన్ ఒక వోల్ట్ తేడా దాటితే దానికి వచ్చే శక్తి. ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబ్‌లు కాబట్టే ఆ బిల్లు 1.6 × 10⁻¹⁹ జౌళ్లు. రెండు చోట్లా ఒకే సంఖ్య ఎందుకుందో రెండేళ్లుగా నేను అడగనేలేదు, బట్టీ పట్టాను.

ఇప్పుడు అదే లెక్క చూడండి. ప్లాంక్ స్థిరాంకాన్ని కాంతి వేగంతో గుణించి ఈ యూనిట్లలో రాస్తే సుమారు 1240. దాన్ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ (కాంతి కణం) శక్తి నేరుగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో వస్తుంది. 1240/400 = 3.1. అందులో 2.14 తీసేస్తే 0.96 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ఆపాల్సింది ఎలక్ట్రాన్‌ని కాబట్టి స్టాపింగ్ పొటెన్షియల్ 0.96 వోల్ట్‌లు. ఇరవై సెకన్లు.

ప్రోటాన్, ఆల్ఫా కణం రెండూ 100 వోల్ట్‌లు దాటితే ప్రోటాన్‌కి 100 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, రెండింతల ఆవేశం ఉన్న ఆల్ఫాకి 200. ద్రవ్యరాశి చూడొద్దు, ఆవేశం చూడండి. వేగమో, డీబ్రాయ్ తరంగదైర్ఘ్యమో (కదిలే కణానికి ఉండే తరంగదైర్ఘ్యం) అడిగితేనే ద్రవ్యరాశి కావాలి, అప్పుడు జౌళ్లలోకి మార్చక తప్పదు. డీబ్రాయ్ లెక్కలో ద్రవ్యరాశి కిలోగ్రాముల్లో వేసి శక్తి ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను.

సైజులు కూడా మనసులో ఉండాలి. హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌ని విడదీయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, సిలికాన్ బ్యాండ్ గ్యాప్ (అందులో ఎలక్ట్రాన్ విడిపడి విద్యుత్తును మోయడానికి కావాల్సిన కనీస శక్తి) సుమారు 1.1. కేంద్రకంలోకి వెళ్తే మాటే మారిపోతుంది, ఒక యురేనియం-235 కేంద్రకం విచ్ఛిత్తి చెందితే, అంటే చీలితే, వచ్చేది సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ఇది తెలిస్తే కొన్ని ఆప్షన్లను లెక్క చేయకుండానే కొట్టేయొచ్చు.

మిగతా ప్రిపరేషన్ అందరిదీ ఒకటే, ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, పాత పేపర్లు. లాంగ్‌టర్మ్ అంటే ఏడాది వృథా అన్నారు మా బంధువులు. కాదు. మొదటిసారి నేను కష్టపడలేదని కాదు, రోజుకి పన్నెండు గంటలు కూర్చున్నాను. కానీ తప్పు చేసిన లెక్కని మళ్లీ తెరవలేదు. ఈసారి రోజూ రాత్రి తప్పుల నోట్‌బుక్ తెరవకుండా పడుకోలేదు, జ్వరం వచ్చిన రోజు కూడా. ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో ఇప్పటికీ ఆ సీసియం లెక్కే ఉంది, 1.55 చుట్టూ ఎర్ర పెన్నుతో గీసిన సున్నాతో.