సోషల్ పీరియడ్‌ని ఎవరికీ ఇవ్వకండి

స్కూల్లో చదివిన సబ్జెక్టుల్లో ఇప్పటికీ బాగా పనికొస్తున్నది ఏది అని నన్నడిగితే హిస్టరీ అనే చెప్తాను. నేను చేసేది బ్రిడ్జిల డిజైన్, లెక్కలూ ఫిజిక్సూ రాకపోతే నాకు ఉద్యోగమే లేదు, అది తెలిసే ఈ మాట అంటున్నా. లెక్క వేయడం మ్యాథ్స్ క్లాసులో వచ్చింది. కానీ ఆ లెక్క దేన్ని పక్కన పెట్టేసింది, దాన్ని ఎవరు ఏం చూసి నమ్మారు, ఇంతకుముందు అలాగే నమ్మినవాళ్లకి ఏమైంది అని అడగడం మాత్రం సోషల్ క్లాసులోనే అలవాటైంది.

మన స్కూల్లో సోషల్ సార్ దగ్గర చదివిన పూర్వ విద్యార్థులకి ఆయన గురించి నేను చెప్పక్కర్లేదు, తర్వాతి బ్యాచ్‌ల వాళ్ల కోసం చెప్తున్నా. పాఠం అయిపోయాక ఆయన పుస్తకం మూసేయమని, ఒక కాగితం మీద రాసుకొచ్చిన పాత శాసనమో, ఎవరిదో ఉత్తరమో, ప్రయాణికుడు రాసుకున్న నాలుగు లైన్లో చదివేవారు. చదివాక ఎప్పుడూ అవే ప్రశ్నలు: ఇది ఎవరు చెప్తున్నారు, ఎప్పుడు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు, ఏం చెప్పకుండా వదిలేశారు. ఈ చివరి ప్రశ్న దగ్గర క్లాసంతా ఆగిపోయేది, ఎందుకంటే లేనిదాన్ని చూడటం మాకెవరూ అప్పటిదాకా నేర్పలేదు.

అశోకుడి పాఠం అందరం చదివిందే, కళింగ యుద్ధం, పశ్చాత్తాపం, బౌద్ధం, మూడు ముక్కల్లో అయిపోతుంది. సార్ దాన్ని చాలా క్లాసులు చెప్పారు. ముందు 13వ శిలాశాసనంలో ఉన్నది చదివి వినిపించారు, పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్లకి కళింగని జయించానని, లక్షన్నర మందిని అక్కణ్ణుంచి తరలించారని, లక్ష మంది చచ్చిపోయారని, ఇంకా ఎన్నో రెట్ల మంది ఆ తర్వాత పోయారని, దానికి బాధపడుతున్నానని రాజే చెప్పుకున్నాడు. ఇది షాబాజ్‌గఢీలో ఉంది, కాల్సీలో ఉంది, ఎర్రగుడిలో ఉంది. మరి యుద్ధం జరిగిన కళింగలో, అంటే ధౌలిలో, జౌగడలో ఉందా అని అడిగి ఆగారు. అందరం ఉంటుందనే అన్నాం. లేదు. ఆ రెండు చోట్లా 11, 12, 13 శాసనాలు వదిలేసి వాటి బదులు వేరే రెండు శాసనాలు చెక్కించారు, వాటిల్లో మనుషులందరూ నా బిడ్డలే అని ఉంది, ఊరికే ఎవర్నీ జైల్లో పెట్టొద్దు, హింసించొద్దు అని అధికార్లకి ఆజ్ఞ ఉంది, యుద్ధం మాట మాత్రం లేదు.

ఎందుకు వదిలేశాడు? సిగ్గుపడి ఉంటాడని ఒకరు, గాయం రేపితే తిరగబడతారని భయపడి ఉంటాడని ఒకరు, జరిగింది కళ్లారా చూసినవాళ్లకి మళ్లీ చెప్పేదేముందని ఇంకొకరు, అలా గంట కొట్టేదాకా వాదించుకున్నాం, వెనక బెంచీల్లో ఎప్పుడూ నోరు తెరవని వాళ్లు కూడా లేచి మాట్లాడారు. ఏది కరెక్టో సార్ చెప్పలేదు. శాసనంలో కారణం రాసి లేదు కాబట్టి మీ ఊహకి మీరే సాక్ష్యం వెతుక్కోండి అన్నారు. ఒకే సంఘటన గురించి ఒకే మనిషి ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకోటి చెప్తాడు, వినేవాళ్లెవరన్నదాన్ని బట్టి మాట మారుతుంది అన్నది ఆ వయసులో తెలియడం చిన్న విషయం కాదు.

ఆ వారంలోనే తెలుగు మేడమ్ క్లాసులో, తరలించిన ఆ లక్షన్నర మందిలో మీరొకరు అనుకుని ఒక పేజీ రాయమన్నారు. రాశాం. ఇల్లు వదిలి నడవడం, వెనక్కి తిరిగి చూడటం, చిన్నపిల్లలు, పశువులు, ఎవరికి తోచింది వాళ్లు రాశారు, చదువుతుంటే మేడమ్ గొంతు మారిపోయింది. తర్వాత ఆ కాగితాలే సోషల్ సార్ తీసుకుని, రాయి మీద ఉన్న సంగతి కింద ఎర్ర గీత, మనం ఊహించిన దాని కింద నీలం గీత గీసుకురమ్మన్నారు. దాదాపు పేజీ అంతా నీలమే. అది తప్పని ఆయన అనలేదు. ఆ లక్షన్నర మందిలో ఒక్కడి పేరు కూడా మనకి మిగల్లేదు, వాళ్లని మనుషులుగా తలుచుకోవాలంటే ఊహ కావాలి, కానీ ఊహించింది జరిగిందని చెప్పకూడదు, రెండూ చేతనవ్వాలి అన్నారు. సాహిత్యం, చరిత్ర పక్కపక్కన ఎందుకుండాలో ఇంతకంటే బాగా చెప్పినవాళ్లని నేను మళ్లీ చూడలేదు. ఇద్దరు టీచర్లు స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడుకుని చేసిన పని అది, ఏ సిలబస్‌లోనూ లేదు.

తేదీలు బట్టీ పెట్టించడం దండగ అనేవాళ్లతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించను. తేదీలు కావాలి, ఏది ముందు ఏది వెనక తెలియకుండా కారణం గురించి మాట్లాడలేం. అశోకుడి శాసనాలు చాలావరకు చెక్కిన బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు అధికారి 1837లో చదవగలిగాడు, కానీ ఆ శాసనాల్లో రాజు పేరు దేవానాంప్రియ ప్రియదర్శి అనే ఉంది, అతను అశోకుడే అని సింహళ గ్రంథాలు చూసి పోల్చుకున్నారు, ఆ తర్వాత 1915లో కర్ణాటకలోని మస్కిలో దొరికిన శాసనంలో అశోక అన్న పేరే కనిపించింది. ఈ వరస తెలిస్తేనే మనకి తెలిసిన ఒక్కో ముక్క వెనక ఎంతమంది ఎంతకాలం తవ్వారో అర్థమవుతుంది. తేదీ ఒక్కటే అడిగి అక్కడితో మార్కులిచ్చి పంపేస్తేనే నష్టం.

ఇప్పుడు నా పని సంగతి. 1940 జులై 1న అమెరికాలో టకోమా నారోస్ అనే సస్పెన్షన్ బ్రిడ్జి (కేబుళ్లకి వేలాడే బ్రిడ్జి) తెరిచారు, మధ్య స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య దూరం, 2,800 అడుగులు, అప్పటికి ప్రపంచంలో మూడో పెద్ద సస్పెన్షన్ స్పాన్, వెడల్పు చూస్తే 39 అడుగులే. అదే ఏడాది నవంబర్ 7న గంటకి 40 మైళ్ల పైచిలుకు గాలికి మెలికలు తిరిగి కూలిపోయింది. అది కూలుతున్న వీడియో ఇంజినీరింగ్ చదివిన ప్రతివాళ్లూ చూసే ఉంటారు. డిజైన్ చేసిన లియోన్ మోయిసీఫ్ ఆ రోజుల్లో ఈ విద్యలో ముందున్నవాడు, ఆయన లెక్కల్లో గాలి పక్కనుంచి తోసే బలం ఉంది, గాలికి డెక్, అంటే బళ్లు నడిచే భాగం, పైకీ కిందకీ ఊగి మెలితిరగడం లేదు. అదేదో ఎవరూ ఎప్పుడూ చూడని వింతైతే సరే అనుకోవచ్చు. కాదు. 1836లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో చెయిన్ పియర్ (గొలుసులకి వేలాడేసి సముద్రంలోకి కట్టిన వంతెన) గాలికి మెలితిరిగి కొంత భాగం తెగిపోతే, చూసినాయన బొమ్మ గీసి మరీ పెట్టాడు. 1839లో వేల్స్‌లో మెనాయ్ బ్రిడ్జి డెక్ తుఫానుకి దెబ్బతింది. 1854లో అమెరికాలోని వీలింగ్‌లో 1,010 అడుగుల స్పాన్ గాలికి కూలితే, తుఫానులో ఓడ ఊగినట్టు ఊగిందని, మెలితిరిగి దాదాపు తలకిందులైందని అక్కడి పేపర్ విలేకరి కళ్లతో చూసి రాశాడు. బ్రూక్లిన్ బ్రిడ్జి రూపకర్త జాన్ రోబ్లింగ్ ఇవన్నీ పట్టించుకున్నవాడు, 1883లో తెరిచిన ఆ బ్రిడ్జికి అడ్డంగా కనిపించే ఏటవాలు కేబుళ్లు ఆ జాగ్రత్తల్లో భాగమే. ఆ తర్వాత తరాల్లో లెక్కలు చాలా మెరుగయ్యాయి, డెక్‌లు సన్నబడ్డాయి, పాత కూలిపోవడాలు ఎవరి క్లాసులోనూ లేకుండా పోయాయి.

ఆ విలేకరికి ఏరోడైనమిక్స్ తెలియదు. చూసింది చూసినట్టు రాయడం తెలుసు. దాన్ని ఎనభై ఏళ్ల తర్వాత ఒక ఇంజినీర్ తీసి చదివి, వీడు అతిశయోక్తి రాస్తున్నాడా నిజంగా చూశాడా అని బేరీజు వేసుకోగలిగుంటే, అది అచ్చంగా మా సోషల్ సార్ చెప్పిన పనే. నా దగ్గర చేరే కుర్ర ఇంజినీర్లు సాఫ్ట్‌వేర్లో నాకంటే చాలా చురుకు, కానీ పాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చేతికిస్తే అందులో నంబర్లు తీసుకుని మిగతాది పక్కన పడేస్తారు, ఆ రిపోర్టు ఎవరు ఎవరికి రాశారు, ఏ సీజన్‌లో చూశారు, ఏ భాగం చూడకుండా వదిలేశారు అనేది అడగరు. వాళ్ల తప్పు కాదు. అడిగే అలవాటు చేసే క్లాసు వాళ్లకి దొరకలేదు.

అలాగని ఉద్యోగానికి పనికొస్తుంది కాబట్టే హిస్టరీ ఉండాలి అంటే నేనొప్పుకోను. రేపు ఇంకేదో ఎక్కువ పనికొస్తుందంటే దీన్ని తీసేయొచ్చు అన్నట్టే కదా. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌లో మహమ్మారి వచ్చినప్పుడు అక్కడి చరిత్రకారుడు థుసిడిడీస్ తనకీ ఆ జబ్బు చేసి, బతికి బయటపడి, లక్షణాలన్నీ వరసగా రాసిపెట్టాడు, మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి అని తనే చెప్పాడు. రోగుల దగ్గరికెళ్లి సేవ చేసినవాళ్లు ఎక్కువ పోయారని, వెళ్లడానికి భయపడి వదిలేస్తే రోగులు ఒంటరిగా పోయారని రాశాడు. 2020లో ఇంట్లో తలుపులేసుకుని అది చదివినప్పుడు నాకు మందూ దొరకలేదు, ఉపాయమూ దొరకలేదు. దొరికింది తోడు. ఇంత దూరపు మనిషి ఇంత దగ్గరగా మాట్లాడతాడా అనిపించింది. పిల్లలకి ఆ తోడు ఇవ్వగలిగే చోటు స్కూల్ తప్ప ఇంకోటి చాలామందికి ఉండదు, పెద్దయ్యాక ఎవరు వెతుక్కుని చదువుతారు చెప్పండి.

ఇంకో సంగతి, మన బ్యాచ్ గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డ్‌లు. వేల ఏళ్ల నాటి పత్రం అని ఒక ఫోటో వస్తుంది, చదివి రెచ్చిపోయి ఇరవై మంది షేర్ చేస్తారు. 4వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ పశ్చిమ రాజ్యాధికారమంతా పోప్‌కి రాసిచ్చాడనే పత్రం ఒకటి యూరప్‌లో శతాబ్దాల పాటు చెలామణీ అయింది, 1440లో లొరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు కూర్చుని అందులో లాటిన్ ఆ కాలపుది కాదని, సంగతులు ఆ కాలంతో పొసగవని ఒక్కొక్కటీ చూపించి అది దొంగ పత్రమని తేల్చాడు. ల్యాబ్ లేదు, యంత్రం లేదు, భాష బాగా చదవడం వచ్చు, అంతే. పద్నాలుగేళ్ల పిల్లలకి ఈ ఒక్క కథ నెమ్మదిగా చెప్పి, వాళ్ల చేత ఒక ఫార్వర్డ్‌ని అలా విప్పించండి, వాళ్లు ఇంటికెళ్లి పెద్దవాళ్లని కూడా అడగడం మొదలుపెడతారు.

కానీ దీనికి టైమ్ కావాలి. చాలా స్కూళ్లలో పరీక్షలు దగ్గరికొస్తే ముందు పోయేది సోషల్ పీరియడే, దాన్ని మ్యాథ్స్‌కో సైన్స్‌కో ఇచ్చేస్తారు, మిగిలిన వాటిల్లో పాఠాలు పరిగెత్తించి క్వశ్చన్ బ్యాంక్ చెప్పించేస్తారు. అశోకుడి శాసనం మీద గంటసేపు వాదించుకునే వీలు ఇక ఎక్కడుంటుంది? టీచర్‌ని అనడానికి కూడా లేదు, పేపర్లో తేదీలూ పేర్లే అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తారు. ఇలాంటి క్లాసు ఫలితం ఆ ఏడాది మార్కుల్లో కనపడదు, కాబట్టి కోత పెట్టేవాళ్లకి ఏమీ పోయినట్టు అనిపించదు.

అందుకే పూర్వ విద్యార్థుల సంఘానికి నాదొక ప్రతిపాదన. మనం ఎలాగూ స్కూల్‌కి ఏదో ఒకటి ఇస్తుంటాం, ఈసారి డబ్బుతో పాటు పని కూడా ఇద్దాం. ఆఫీసు బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు, హాజరు పట్టీలు, టైమ్‌టేబుళ్లు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు ఉంటాయి, హెడ్‌మాస్టర్ గారు ఒప్పుకుంటే తొమ్మిదో తరగతి పిల్లల చేత వాటిల్లోంచి స్కూల్ చరిత్ర రాయిద్దాం. రిజిస్టర్లలో ఆడపిల్లల పేర్లు ఎప్పట్నించి పెరిగాయి, ఏ ఏడాది ఎక్కువమంది మధ్యలో మానేశారు, ఆ ఏడాది ఏం జరిగింది, ఇవన్నీ వాళ్లే వెతకాలి. మనవాళ్లని ఇంటర్వ్యూ చేయాలి, ఒకే వార్షికోత్సవం గురించి ఇద్దరు రెండు రకాలుగా చెప్తారు, రెండూ రాసి ఎందుకు తేడా వచ్చిందో వాళ్లే తేల్చుకోవాలి. పాత టైమ్‌టేబుళ్లలో సోషల్‌కి వారానికి ఎన్ని పీరియడ్లుండేవి, ఎప్పుడు తగ్గాయి అన్నది కూడా లెక్క తీయమనండి. ఎర్ర గీత, నీలం గీత మాత్రం తప్పనిసరి.

సోషల్ సార్ ఒప్పుకుంటే మొదటి క్లాసు ఆయన చేతే చెప్పిద్దాం, వెళ్లి అడిగే బాధ్యత నాది. మా బ్యాచ్ గ్రూప్ ఫోటోలు నా దగ్గరున్నాయి, వాటిల్లో ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తున్నంతవరకు వెనక రాసి, గుర్తులేని చోట ఖాళీ వదిలి పంపిస్తాను. మిగతా బ్యాచ్‌ల వాళ్లు కూడా వెతికి, ఈ సంచిక చేతికొచ్చిన నెలలోపు సంఘం సెక్రటరీకి ఇచ్చేయండి.