లండన్ బజార్లలో ఇంగ్లీషు నేర్చుకున్నాను: నా అనుభవం

లండన్‌కి కొత్తగా వచ్చినవాళ్లని తెలిసినవాళ్లు ముందుగా ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కే తీసుకెళ్తారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఇంగ్లీషులో మాట్లాడటం రావాలి అనుకునేవాళ్లకి ఆ వీధితో మొదలుపెడితే లాభం లేదని నా గట్టి అభిప్రాయం. మార్బుల్ ఆర్చ్ దగ్గర నుంచి టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దాకా దాదాపు రెండు కిలోమీటర్లు నడిచి, సంచుల నిండా బట్టలు కొనుక్కుని, ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికి వచ్చేయొచ్చు. ధర చీటీ మీదే ఉంటుంది. చాలా షాపుల్లో మిషన్ దగ్గర మనమే స్కాన్ చేసుకుని, కార్డు తాకించి బయటపడొచ్చు. నోరు విప్పితే తప్ప పని జరగని చోటికి ముందు వెళ్లాలి. నేను అలాగే వెళ్లాను. ఇప్పుడు తూర్పు లండన్‌లో మేముండే ఈస్ట్ హామ్‌కి కొత్తగా వచ్చే మన ఆడవాళ్లు ఎలా నేర్చుకున్నావని అడుగుతుంటే, అందరికీ ఒకచోట చెప్పినట్టు ఉంటుందని ఇది రాస్తున్నాను.

నాది తణుకు దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మా ఆయన ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చాం. చదివితే అర్థమయ్యేది, గ్రామర్ తెలుసు, దరఖాస్తు రాయమంటే రాయగలను. ఎదుటి మనిషి మాట్లాడితే మాత్రం మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వినబడేవి. దానికి తోడు ఈస్ట్ హామ్‌లో ఇంగ్లీషు అవసరమే పడదు. హై స్ట్రీట్ నార్త్ మీద గోంగూర దొరుకుతుంది, సోనా మసూరి దొరుకుతుంది. తమిళులు, మలయాళీలు, మనవాళ్లు ఎటు చూసినా ఉంటారు. "అక్కా, కరివేపాకు ఇప్పుడే దిగింది, తాజాగా ఉంది" అని పిలిచి మరీ ఇస్తారు. ఆ పిలుపు కోసం నేను ఈరోజుకీ అక్కడికే వెళ్తాను. కానీ అక్కడే ఉండిపోతే ఎన్నేళ్లయినా మాట రాదు.

అందుకే ఇసోల్ తరగతిలో చేరాను. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసం ఇక్కడ కాలేజీల్లో నడిపే క్లాసులు ఇవి. ఎంట్రీ 1, 2, 3, ఆ పైన లెవెల్ 1, 2 అని మెట్లుంటాయి. చేరేముందు చిన్న పరీక్ష పెట్టి ఎవరు ఏ మెట్టులో కూర్చోవాలో తేలుస్తారు. నాకు రాయడంలో పై మెట్టు, మాట్లాడటంలో కింది మెట్టు వచ్చింది. మా టీచరుగారు అప్పుడే ఒక పని అప్పజెప్పారు. వారం వారం ఏదైనా మార్కెట్‌కి వెళ్లాలి, ఒక వస్తువు గురించి మూడు ప్రశ్నలు అడగాలి, వచ్చిన జవాబులు రాసుకుని రావాలి. కొనకపోయినా ఫరవాలేదు, అడగడం మాత్రం మానకూడదు అన్నారు.

ఈస్ట్ హామ్ నుంచి ట్యూబ్‌లో, అంటే లండన్ మెట్రో రైల్లో, ఒక్క స్టేషన్ వెళ్తే అప్టన్ పార్క్. బయటికి రాగానే గ్రీన్ స్ట్రీట్, ఆ పక్కనే పైకప్పు వేసిన క్వీన్స్ మార్కెట్. మంగళ, గురు, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. గ్రీన్ స్ట్రీట్ మీద చీరల షాపులు, బంగారం కొట్లు బారులు తీరి ఉంటాయి కాబట్టి మనవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. మార్కెట్ లోపలికి వెళ్లాలి. కూరగాయల కొట్ల ముందు స్టీలు గిన్నెలు వరసగా పేర్చి ఉంటాయి. ఒకదాంట్లో టమాటాలు, ఒకదాంట్లో బెండకాయలు, ఒకదాంట్లో నిమ్మకాయలు. "పౌండ్ ఎ బౌల్, ఎనీ బౌల్ ఎ పౌండ్, కమాన్ లేడీస్" అని ఒకటే కేక. మనం గిన్నె చూపించగానే పల్చటి ప్లాస్టిక్ సంచి విదిలించి, గిన్నె అందులోకి బోర్లించి, మూతి మెలిపెట్టి చేతికిస్తారు. ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఈలోపే అడగదలుచుకున్నది అడిగేయాలి, అదే అసలైన సాధన.

ఇక్కడ పౌండు గురించి ఒక మాట. డబ్బూ పౌండే, బరువూ పౌండే. బరువు పౌండు అంటే సుమారు 454 గ్రాములు. చట్టం ప్రకారం విడి సరుకు ధర కిలోల్లో చూపించాలి, కావాలంటే పక్కన పౌండు ధర కూడా రాసుకోవచ్చు. అందుకని అంకె వినబడగానే సరిపోదు, గిన్నెకా, కిలోకా, పౌండుకా అని అడగాలి. "ఈజ్ దట్ పర్ కిలో?" అన్న చిన్న ప్రశ్న నాకు మొదట నోటికి పట్టింది. అడిగితే ఎవరూ విసుక్కోరు, ఎందుకంటే అమ్మాలన్న ఆత్రం వాళ్లకీ ఉంటుంది. నేర్చుకునేవాళ్లకి బజారు మంచిదని నేననేది అందుకే. మన ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగే మనిషి అక్కడ దొరుకుతారు.

పైగా ఒకరిని అడిగితే ముగ్గురు చెబుతారు. ఒకసారి ప్లాంటెయిన్ అనే పెద్ద అరటికాయల గురించి అడిగాను. పచ్చవీ ఉన్నాయి, పసుపు మీద నల్ల మచ్చలొచ్చినవీ ఉన్నాయి. నాకు మచ్చలొచ్చినవి పాడైపోయినట్టు కనిపించాయి. కొట్టాయన నోరు తెరిచేలోపే నా పక్కనున్న ఘనా ఆవిడ అందుకుంది. పచ్చవి ఉడకబెట్టుకోవడానికి, మచ్చలొచ్చినవి తియ్యగా ఉంటాయి, ఏటవాలుగా కోసి నూనెలో వేయించు, అల్లం, మిరపకాయ ముందే పట్టించు అని చేతులతో కోసి చూపిస్తూ చెప్పింది. వెనకాల నిలబడ్డ ఇంకో పెద్దావిడ అల్లం వద్దు, ఉప్పు చాలు అంది. ఇద్దరూ వాదించుకుంటుంటే నేను మధ్యలో నిలబడి అరటికాయ వేపుడు మేము ఎలా చేస్తామో చెప్పాను. అంతసేపు ఇంగ్లీషులో మాట్లాడటం నాకు అదే మొదలు. ఏ పదం వాడాలో వెతుక్కోవాల్సిన పని పడలేదు, చెప్పాలనిపించింది చెప్పేశాను.

చేపల దగ్గర కూడా ఇలాంటిదే. అక్కడ బంగ్లాదేశ్ వాళ్ల కొట్లున్నాయి. వాళ్లు ఇలిష్ అనేది, వరదనీటికి గోదావరి ఎదురెక్కి వచ్చినప్పుడు మనం పులస అని నెత్తిన పెట్టుకునే చేపే. ఇక్కడికి ఐస్‌లో గడ్డకట్టి వస్తుంది. ఆ కొట్టాయనకి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. ఆయన పద్మా నది గురించి, నేను గోదావరి గురించి చెప్పుకోవాలంటే ఇంగ్లీషు తప్ప దారి లేదు. ఇద్దరికీ అది పరాయి భాషే కాబట్టి ఇద్దరం నెమ్మదిగా మాట్లాడాం. భయపడేవాళ్లందరికీ ఇదే చెబుతాను: ముందు మనలాగే ఈ భాషని తర్వాత నేర్చుకున్నవాళ్లతో మాట్లాడండి.

చెవికి అసలు పరీక్ష కొలంబియా రోడ్. తూర్పు లండన్‌లో బెత్నల్ గ్రీన్ వైపు ఉండే ఆ చిన్న వీధిలో ఆదివారాలు పూల బజారు. అమ్మేవాళ్లలో తూర్పు లండన్ యాసవాళ్లు చాలామంది, గొంతెత్తి లయగా అరుస్తారు. "త్రీ ఫర్ ఎ టెన్నర్" అన్నది "ఫ్రీ ఫర్ ఎ టెనా" అన్నట్టు వినబడుతుంది. మూడు కట్టలు పది పౌండ్లని అర్థం. టెన్నర్ అంటే పది పౌండ్ల నోటు, ఫైవర్ అంటే అయిదు, క్విడ్ అంటే పౌండు. ఈ మూడూ తెలియకుండా వెళ్తే సగం కేకలు అర్థం కావు. మధ్యాహ్నం రెండు దాటాక మిగిలిన పూలు ధర తగ్గించి అమ్మేస్తారు, అప్పుడు అంకెలు ఇంకా వేగంగా మారిపోతుంటాయి. ఆ రద్దీలో ఓ పక్కన నిలబడి ఊరికే వింటూ ఉన్నా చెవికి అలవాటవుతుంది.

బేరానికి మాత్రం పశ్చిమ లండన్‌లోని పోర్టొబెల్లో రోడ్ బజారు. ఈస్ట్ హామ్‌లో హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ ఎక్కితే మారకుండా లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో దిగొచ్చు. శనివారం పాత సామాన్ల కొట్లన్నీ తెరుస్తారు. మన దగ్గర బేరమంటే సగానికి అడిగి, వెళ్లిపోతున్నట్టు రెండడుగులు వేస్తాం. ఇక్కడ అలా అడిగితే ముఖం తిప్పుకుంటారు. వస్తువుని ముందు మెచ్చుకుని, "వాట్స్ యువర్ బెస్ట్ ప్రైస్ ఆన్ దిస్?" అనాలి. నేను నీలిరంగు పువ్వులున్న పింగాణీ పళ్లెం ఒకటి చూశాను, చీటీ మీద పద్దెనిమిది ఉంది. అడిగితే పదిహేను అంది అమ్మే ఆవిడ. "కుడ్ యు డూ ట్వెల్వ్?" అన్నాను. పళ్లెం అంచు ఓసారి వేలితో తడిమి, "గో ఆన్ దెన్, థర్టీన్" అంది. గో ఆన్ దెన్ అంటే సరేలే, తీసుకో అని. ఆ పళ్లెంలోనే ఇప్పుడు మా ఇంట్లో తాంబూలం ఇస్తున్నాను.

ఇన్ని బజార్లు తిరిగిన ధైర్యం ఒకరోజు అక్కరకొచ్చింది. ఒక పెద్ద షాపులో కొన్న ఎలక్ట్రిక్ కెటిల్ మూడో వారంలో అడుగునుంచి కారడం మొదలుపెట్టింది. తీసుకెళ్తే కౌంటర్‌లో అమ్మాయి, మా పాలసీ పద్నాలుగు రోజులే, గడువు దాటిపోయింది అంది. అంతకుముందు అయితే తలూపి వచ్చేసేదాన్ని. మా క్లాసులో ఈ పాఠం అయింది కాబట్టి నాకు తెలుసు: పాలసీ అనేది మనసు మారి తిరిగి ఇచ్చేవాటికి. షాపులో కొన్నది నచ్చకపోతే వెనక్కి తీసుకోవాలో వద్దో షాపు ఇష్టం. వస్తువులోనే లోపం ఉంటే మాత్రం 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం ముప్పై రోజుల్లోపు మన డబ్బు మనం అడగొచ్చు. "ఐ హావెంట్ చేంజ్డ్ మై మైండ్. ఇట్స్ ఫాల్టీ. అండర్ ద కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ఐ హావ్ థర్టీ డేస్" అన్నాను. గొంతు పెంచలేదు, రసీదు ముందు పెట్టాను. మేనేజర్‌ని పిలిచింది. ఆయన కెటిల్ తిరగేసి చూసి, నా కార్డులోకి డబ్బు వెనక్కి వేశాడు. ఇంటికొచ్చి మా అమ్మకి ఫోన్ చేసి మాట పొల్లు పోకుండా అంతా చెప్పాను.

ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కి తర్వాత వెళ్లాను. ఈసారి సెల్ఫ్‌రిజెస్‌లోకి కూడా అడుగుపెట్టాను. 1909లో తెరిచిన షాపు అది. అక్కడ పనిచేసేవాళ్లు "యు ఆల్‌రైట్ దేర్?" అని అడిగితే ఏమైనా కావాలా అని అర్థం, మన ఆరోగ్యం గురించి కాదు. చూస్తున్నానంతే అయితే "జస్ట్ లుకింగ్, థాంక్యూ" చాలు. ఆదివారం వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిందొకటి: 1994 చట్టం వల్ల ఇంగ్లండ్‌లో పెద్ద షాపులు ఆదివారం ఆరు గంటలసేపే అమ్మాలి. పొద్దున్నే వెళ్తే తలుపులు మూసే ఉంటాయి. ఇంటి నుంచి సంచి తీసుకెళ్లండి, క్యారీబ్యాగుకి 2021 నుంచి కనీసం పది పెన్నీలు తీసుకుంటున్నారు.

ఇప్పుడు నేను కౌంటర్‌కి అటువైపు నిలబడుతున్నాను. ఇక్కడ దాదాపు ప్రతి హై స్ట్రీట్ మీదా, అంటే ప్రతి పేటలోని ముఖ్యమైన షాపుల వీధిలో, ఛారిటీ షాపులుంటాయి. జనం ఇచ్చిన పాత బట్టలు, పుస్తకాలు, గిన్నెలు అమ్మి ఆ డబ్బు సేవకి వాడతారు. జీతం లేకుండా పనిచేసేవాళ్లని ఎప్పుడూ వెతుక్కుంటూ ఉంటారు. లోపలికెళ్లి అడిగితే ఫారం ఇస్తారు. మొదట వెనక గదిలో బట్టలు వేరుచేయడం, ఆవిరి పట్టడం, తర్వాత గల్లా దగ్గర నిలబెడతారు. సైజు అడిగేవాళ్లు, ధర తగ్గించమనేవాళ్లు, ఏమీ కొనకుండా కాసేపు కబుర్లు చెప్పడానికే వచ్చే ముసలివాళ్లు, రోజంతా మాటలే. వీటన్నిటికంటే కష్టమైనది గిఫ్ట్ ఎయిడ్ గురించి వివరించడం. సామాన్లు ఇచ్చేవాళ్లు ఇక్కడ ఆదాయపన్ను కట్టేవాళ్లయితే, వాళ్లు సంతకం పెడితే, అమ్మిన ప్రతి పౌండుకీ ప్రభుత్వం మరో ఇరవై అయిదు పెన్నీలు సంస్థకి ఇస్తుంది. వాళ్ల జేబులోంచి ఏమీ పోదు. ఇది వాళ్లు సంచి కింద పెట్టి వెళ్లిపోయేలోపు, అనుమానం రాకుండా, నాలుగు వాక్యాల్లో చెప్పాలి. నాకు ఇప్పుడు మూడు వాక్యాలు సరిపోతున్నాయి.